అడవి వేరుకు అంటు

శనివారం పొద్దున ఏడు కూడా కాకముందే యేసోబు పట్టీలు కోస్తున్నాడు.

ఎరువు బస్తా లోపల ఉండే తెల్ల ప్లాస్టిక్ సంచిని కడిగి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి, వేలెడు వెడల్పున, జానెడున్నర పొడవున కోయాలి. కోత మధ్యలో కత్తి ఆగకూడదు. ఆగితే అంచు చీలుతుంది. అంచు చీలితే ముడి బిగియదు. ముడి బిగియకపోతే మంచు నీరు లోపలికి దిగి, కట్టిన అంటు నల్లబడి చస్తుంది. ముప్పై నాలుగేళ్లుగా యేసోబు ప్రతి శనివారం వంద పట్టీలు కోసి, కట్ట కట్టి, తను కూర్చునే చెక్కపీట కాలికి వేలాడదీస్తాడు. సోమవారం పీట మీద కూర్చుని ఎడమచేయి కిందికి చాపితే పట్టీ అందాలి. వందంటే వందే. ఒక దినం పనికి వంద అంట్లు.

ఆ వందలో ఈ మధ్య ఎన్ని బతుకుతున్నాయో యేసోబు ఎవరికీ చెప్పడు. తనకు తాను కూడా చెప్పుకోడు.

పొట్టి మనిషి. అరవై ఒకటి నిండాయి. కూర్చుని కూర్చుని మోకాళ్లు బయటికి వంగిపోయాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనట్టు లావుగా, కొమ్ములా గట్టిపడి ఉంటుంది. కత్తి వీపును నొక్కి నొక్కి దాని మీద ఒక లోతైన గాడి పడింది. చొక్కా జేబులో కళ్లద్దాల పెట్టె ఎప్పుడూ ఉంటుంది. అద్దాలు మాత్రం ఎప్పుడూ ఆ పెట్టెలోనే ఉంటాయి.

"ఏం మామా, గంతగనం కండ్లు చిట్లించి కోస్తున్నవ్?" అంది ఆండాలు, నల్ల కవర్లలో మట్టి నింపుతూ. "సూర్యాపేట పోయి అద్దాలు కొనుక్కొస్తివి. అవి జేబుకు పెట్టనీకేనా?"

"అద్దాలు పేపరు సదువనీకే. కత్తికి అద్దాలెందుకు?"

"నువ్వు పేపరెప్పుడు సదివినవ్ మామా?"

యేసోబు తల వంచుకుని ఎనభై మూడో పట్టీ కోశాడు. అంచు కొంచెం చీలింది. దాన్ని పక్కన పారేసి ఇంకోటి కోశాడు.

కోదాడ దాటి మిర్యాలగూడ పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ నర్సరీ కస్తూరమ్మది. ఆమె భర్త ఓంప్రకాష్‌కు మిర్యాలగూడలో రైసుమిల్లు. ఆయన వడ్లలో మునిగి తేలుతుంటే ఈమె మొక్కల వ్యాపారం పెట్టుకుంది. వరుసలు వరుసలుగా నల్ల కవర్లలో అడవి నిమ్మ మొక్కలు. ఒంటినిండా ముళ్లు, కాయ కాస్తే నోట్లో పెట్టలేనంత పులుపు, కానీ రాయిలోంచైనా నీళ్లు లాగే వేరు. ఆ మొక్క కాండం మీద బెరడును అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత కోసి, రెండు రెక్కలు విప్పి, మంచి బత్తాయి కొమ్మ నుంచి గోరంత బెరడుతో తీసిన మొగ్గను లోపలికి జారవిడిచి, పట్టీ చుట్టాలి. మొగ్గ పట్టిందంటే వేరు అడవిది, కాయ తీపిది. ఈ చుట్టుపక్కల వందల ఎకరాల బత్తాయి యేసోబు బొటనవేలి కిందనుంచి వెళ్లిందే.

గేటు దగ్గర మోటార్‌సైకిల్ ఆగింది. ముందు పాట వచ్చింది, వెనుక మనిషి వచ్చాడు.

బీరన్న. ఆత్మకూరు వైపు గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. ముప్పై కూడా లేవు. గొర్రెలమ్మి చెల్లెలి పెళ్లి చేశాక, నాలుగేళ్ల కింద నర్సరీలో నీళ్లు పెట్టే పనికి వచ్చాడు. కత్తి పట్టడం నేర్పింది యేసోబే. "బెరడును కొయ్యకురా, అడుగు. తెరుచుకొమ్మని అడుగు" అని చేయి పట్టుకుని చెప్పింది యేసోబే. ఒకసారి వాడికి దగ్గు పట్టి వారం రోజులు తగ్గకపోతే, ప్రార్థన చేయిస్తానని చర్చికి తోలుకుపోయింది కూడా, ఆ ముహూర్తమేమిటో గానీ, యేసోబే.

అక్కడ మొదలైంది.

బీరన్న బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఆదివారం పాట పాడమన్నారు. వాళ్ల ఇళ్లలో డోలు మీద కథ చెప్పే వరసలో యేసు పాట ఎత్తుకున్నాడు. రేకుల చర్చి పైకప్పు లేచిపోయింది. యేసోబు భార్య శాంతమ్మ, పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో మొగుడి ముందు గట్టిగా నవ్వని మనిషి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక, "గా పిలగాని గొంతుల దేవుడున్నడయ్యా" అంది. యేసోబు ఆ రాత్రి పెరుగన్నం సగం వదిలేశాడు.

యేసోబు తాత కాలం నుంచి వాళ్లు దేవుని బిడ్డలు. మిర్యాలగూడ పాత చర్చి గోడలకు వాళ్ల నాయన భుజం మీద రాళ్లు మోశాడు. కోదాడలో ఈ రేకుల చర్చి వేసిన నాటి నుంచి ఆదివారం అందరికన్నా ముందు వెళ్లి చాపలు పరిచేది యేసోబు, అందరూ వెళ్లాక దులిపి చుట్టేదీ యేసోబే. ఇన్నేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి మైకు ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదు. నిన్నగాక మొన్న వచ్చినవాడికి సాక్ష్యం చెప్పమని అరగంట ఇచ్చారు. ఇప్పుడు రేపు చర్చి ఆవరణలో నాటే మొక్క కూడా వాడికే ఇచ్చారు.

రేపటి మొక్క ఎండకు అడ్డంగా కట్టిన నీడవల కింద, స్తంభం పక్కన విడిగా పెట్టి ఉంది. నిటారుగా, వేలి లావు కాండంతో, నడుముకు నీలం పట్టీ కట్టుకుని. యేసోబు పొద్దుటి నుంచి దాని వైపు చూడకుండా ఉండడానికి చేయగలిగినదంతా చేస్తున్నాడు. అయినా ఆ నీలం రంగు కంటి కొసన దోమలా ఆడుతూనే ఉంది.

"పెద్దయ్యా, చాయ్ తాగినవా?" బీరన్న వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "రేపు జల్ది రా. కోత పండుగ గద, గుమ్మడికాయలు, కోళ్లు, అన్నీ వేలం పెడ్తరట. మా అమ్మ కొమురమ్మ సుత వస్తనన్నది. చర్చికి కాదు, వేలం సూడనీకి."

"నేను ఎప్పుడు లేటొచ్చిన? చాపలు ఎవడు పరుస్తడు, మీ తాతా?"

బీరన్న నవ్వాడు. వాడికి కోపం రాదు. అదొకటి మళ్లీ.

ఆ మొక్క కథ నెల కింద మొదలైంది. ఆ ఆదివారం పాస్టరయ్య పౌలు ఉత్తరంలోని ఒలీవ చెట్టు గురించి చెప్పాడు. మంచి ఒలీవ చెట్టుకు ఉన్న సొంత కొమ్మలు కొన్నింటిని దేవుడు విరిచేశాడట. ఆ ఖాళీలో అడవి ఒలీవ కొమ్మను తెచ్చి అంటుకట్టాడట. బయటివాడు కూడా ఆ వేరులోని సారం తాగి బతకాలని. "ఇదిగో, మన మధ్యల ఉన్నది అసొంటి కొమ్మ!" అని పాస్టరయ్య బీరన్న వైపు చేయి చాపాడు. చర్చి అంతా తల తిప్పి చూసింది. పాస్టరయ్య ఆ తర్వాత కూడా చాలాసేపు చెప్పాడు గానీ యేసోబు వినలేదు. తలవంచుకుని మెత్తగా నవ్వుకుంటున్న బీరన్న మెడ వైపే చూస్తూ కూర్చున్నాడు. పైగా ప్రసంగంలో అతనికి ఒక తప్పు దొరికింది. ముప్పై నాలుగేళ్ల పనిలో ఎవరూ కాదనలేని తప్పు.

చాపలు చుట్టి పాస్టరయ్య దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, మీరు చెప్పింది తలకిందులు. అడవి వేరుకు మంచి మొగ్గ కడ్తరు గనీ, మంచి చెట్టుకు అడవి కొమ్మ ఎవడన్నా కడ్తడా? కట్టినా పులుపే కాస్తది. మొగ్గ ఏదైతే కాయ అదే."

చుట్టూ ఉన్నవాళ్లు ఆగి విన్నారు. జీవితంలో మొదటిసారి యేసోబు మాటకు నలుగురు చెవులిచ్చారు.

పాస్టరయ్య పకపకా నవ్వాడు. "నువ్వన్నది నిజం యేసోబన్నా. పౌలు గూడ ఆ మాటే అన్నడు, ఇది స్వభావానికి ఎదురని. ఏ తోటమాలీ చెయ్యడు. అందుకే దాన్ని కృప అన్నరు." అని, అప్పుడే తట్టినట్టు వేళ్లు విదిల్చాడు. "మంచిగ యాది చేసినవ్! కోత పండుగ నాడు మన ఆవరణల ఒక అంటుమొక్క నాటుదాం. పట్టీతోనే నాటుదాం. క్రిస్మస్ నాడు అందరి ముందల పట్టీ ఇప్పితే, చిగురు కనబడాలె. బీరన్నా, మొక్క నువ్వు తేవాలె, నీ చేత్తోనే నాటాలె."

యేసోబు నోటి నుంచి వచ్చిన మాట బీరన్న నెత్తిన కిరీటమైంది.

పది గంటలకు కస్తూరమ్మ కారు దిగింది. శనివారం ఆమె లెక్క చూసే రోజు. మూడు వారాల కింద కట్టిన అంట్లకు పట్టీలు విప్పి, ఎన్ని పట్టాయో చూస్తారు. బీరన్న వరుస విప్పారు. వందలో తొంభై మూడు పచ్చగా ఉన్నాయి. యేసోబు వరుస విప్పడం మొదలుపెట్టారు. నలుపు. నలుపు. నలుపు. ఎండిన పెంకులా బెరడు ఊడి కస్తూరమ్మ చేతిలోకి వచ్చింది. ఆమె వరుస చివరిదాకా వెళ్లింది, పట్టినవి పదకొండు. మధ్యలో ఒక కవరు లేక ఖాళీగా ఉన్న చోటు కూడా ఉంది. దాన్నెవరూ పట్టించుకోలేదు.

కస్తూరమ్మ అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది.

"యేసోబూ, నువ్వు కట్టిన మొక్కలతోనే ఈ నర్సరీ నిలబడ్డది. నేను మర్వలే," అంది గాజులు సర్దుకుంటూ. "కానీ రైతులకు ఏం చెప్పాలె? సోమారం నుంచి నీడల కూసొని ఆండాలుతోని కవర్లు నింపు. నీ కూలీ నీకు వస్తది. కత్తి పని బీరన్న సూసుకుంటడు."

"అట్లనే అమ్మా," అన్నాడు యేసోబు.

ఎడమ భుజం నుంచి మోచేతి దాకా ఏదో బరువు దిగినట్టయింది. గ్యాస్ అనుకున్నాడు. పీట కాలికి వేలాడుతున్న వంద పట్టీల కట్ట వైపు చూశాడు. సోమవారానికి.

రోడ్డు మీద లారీ వచ్చి హారన్ కొట్టింది. దామరచర్లకు పోయే లోడు. కస్తూరమ్మ, ఆండాలు, బీరన్న అందరూ గేటు వైపు నడిచారు. నీడవల కింద యేసోబు ఒక్కడే మిగిలాడు.

అతనూ, నీలం పట్టీ మొక్కా.

తర్వాత జరిగింది మూడు ఊపిర్ల పని. లేచాడు. మొక్క పక్కన కూర్చుని, వీపు గేటు వైపు పెట్టాడు. నీలం పట్టీ ముడి విప్పాడు, రెండు చుట్లు వదులు చేశాడు. మొగ్గ తగిలింది బొటనవేలికి. బలంగా, ఉబ్బుగా, బెరడుకు గట్టిగా అతుక్కుని ఉంది. పట్టింది. పట్టకేం, వాడు కడితే! కంటికి అంతా పచ్చటి మసకగా కనిపించింది. చూడాల్సిన పని లేదు. కత్తి మొన ఆనించి, మణికట్టు ఒక్కసారి తిప్పాడు. మొగ్గలోని మినపగింజంత గుండె ఊడి గోటి మీదకు వచ్చింది. దాన్ని మట్టిలో రుద్దేశాడు. మళ్లీ నీలం పట్టీ చుట్టి, బీరన్న వేసే ముడే వేశాడు. ఆ ముడి నేర్పిందీ తనే కదా.

ఇది గుడ్డి మొగ్గ ఇప్పుడు. చుట్టూ బెరడు పచ్చగానే ఉంటుంది. నెలలు గడిచినా పచ్చగానే ఉంటుంది. చిగురు మాత్రం ఎన్నటికీ రాదు. క్రిస్మస్ నాడు తెల్ల చొక్కాలు, కొత్త చీరలు, కెమెరా ఫోన్లు. పాస్టరయ్య కత్తెరతో పట్టీ కత్తిరిస్తాడు. ఏమీ ఉండదు. కింద అడవి వేరు నుంచి నాలుగు ముళ్ల కొమ్మలు తప్ప. అడవి కొమ్మట, అంటట! శాంతమ్మ అప్పుడు కొట్టాలి చప్పట్లు.

యేసోబుకు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

మధ్యాహ్నం ముగ్గురూ నీడవల కింద అన్నాలకు కూర్చున్నారు. ఆండాలు గబగబా తిని చేయి కడుక్కుని, ఫోన్ మాట్లాడుకుంటూ గేటు దాకా వెళ్లింది. బీరన్న తన డబ్బాలోని జొన్నరొట్టె తుంచి, సగం యేసోబు గిన్నెలో వేశాడు.

"పెద్దయ్యా, కస్తూరమ్మ అన్నది మనసుల పెట్టుకోకు. నేను మాట్లాడిన. కవర్లు నింపే పని కాదు, కొమ్మలు ఏరే పని ఇయ్యమన్న. ఏ కొమ్మల మొగ్గ తియ్యాలెనో నీకు తెల్సినంత ఎవలకు తెల్వది."

"నా గురించి నువ్వు మాట్లాడే దినం వచ్చిందారా?"

బీరన్న తల గోక్కున్నాడు. గేటు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకోటి చెప్త, తిట్టకు. రేపటి మొక్క నాది కాదు."

యేసోబు ముద్ద కలుపుతున్నాడు. "మరెవనిది?"

"నీదే. నీ వరుసలకెంచి తీసిన, పోయిన వారం. నా వరుసల గంత మంచి పట్టు ఒక్కదానికి లేదు పెద్దయ్యా. పాస్టరమ్మ నీలం పట్టీ కట్టుమన్నది, ఫొటోల మంచిగ కనబడ్తదట. అందుకని నీ తెల్ల పట్టీ ఇప్పి నీలంది సుట్టిన. నీ కోత జర ఎడమకు వాల్తది గద, ఇప్పంగనే గుర్తుపట్టొచ్చు." నవ్వాడు. "రేపు మైకుల చెప్త. ఈ అంటు కట్టింది మా పెద్దయ్య, నేను మోసుకొచ్చిన అంతే అని. నాటేది సుత నువ్వే. ముందుగాల చెప్తే వద్దంటవని దాచిన. ఇగ ఆగక చెప్పేసిన."

యేసోబు కలిపిన ముద్దను గిన్నెలోనే వదిలేశాడు. చెంబెడు నీళ్లు తాగాడు.

"ఎవడు చెప్పమన్నడురా నీకు మైకుల?" అన్నాడు చివరికి.

"ఎవలు చెప్పాలె? నాకు తెల్వదా?"

బీరన్న డబ్బా మూసి, షామియానా కట్టే పని ఉందని చర్చికి బయల్దేరాడు. ఐదింటికి ఆటో తెచ్చి మొక్క తీసుకుపోతానన్నాడు. మోటార్‌సైకిల్ చప్పుడు రోడ్డు మీద సన్నగిల్లే దాకా యేసోబు ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాడు. సిగ్గు వేసింది. సిగ్గుకన్నా ముందు, నిజం చెప్పాలంటే, మళ్లీ అసూయే వేసింది. పాట వాడికే వచ్చింది, పని వాడికే వచ్చింది. ఆఖరికి మంచితనం కూడా వాడే ముందు అందుకున్నాడు, తనకు మిగలకుండా.

చేయి కడుక్కుని మొక్క దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి పెట్టె తీశాడు. అద్దాలు పెట్టుకున్నాడు.

ప్రపంచం ఒక్కసారిగా దగ్గరికొచ్చి నిలబడింది. ఆకు ఈనెలు, ముల్లు మొన, తన వేలి గాడిలో ఇరుక్కున్న మట్టి, అన్నీ. నీలం పట్టీ విప్పాడు. నిలువు గీత ఎడమకు వాలి ఉంది. వేలెడు దూరం నుంచి చూస్తే పసివాడు కూడా చెప్పగలడు, అది ఎవరి కోతో. మధ్యలో, మినపగింజంత గుంట. గుంట అంచుల్లో రసం ఇంకా తడిగానే ఉంది.

ఈ ఏడు అతని చేతి నుంచి వచ్చిన అన్నిటికన్నా మంచి అంటు. చేజేతులా చంపుకున్నాడు.

మొక్క మార్చేద్దామా? తన వరుసకు వెళ్లి మిగిలిన పదకొండింటినీ అద్దాలతో చూశాడు. పాలిపోయిన మొగ్గలు, పీలకాండాలు. కవరు లేని ఆ ఖాళీ చోటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఇక్కడి నుంచే వాడు దాన్ని ఎత్తుకెళ్లాడు. బీరన్న వరుసలోంచి తెద్దామా? వాడు మందలో ఒక్కో గొర్రె ముఖాన్నీ గుర్తుపట్టే ఇంట్లో పుట్టాడు. గేటు దగ్గరే పట్టేస్తాడు. పోనీ, చెప్పేద్దామా? "బీరన్నా, నేనే..." పెదవులు కదిపి చూశాడు. రెండో మాట రాలేదు.

ఆండాలు బోరు దగ్గర చీర కుచ్చిళ్లు దోపుకుని మొక్కలకు నీళ్లు పడుతోంది. ఎండ పసుపు రంగుకు తిరిగింది. గంట నాలుగు దాటింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆదివారం తను వినని భాగం. చెవిలో పడింది గానీ తలకెక్కలేదు. పాస్టరయ్య చివర్లో ఏదో అన్నాడు. విరిగిపడిన సొంత కొమ్మలను దేవుడు పారెయ్యలేదని. అడవి కొమ్మనే అతికించినవాడికి, సొంత కొమ్మను మళ్లీ తెచ్చి దాని చెట్టుకే అంటుకట్టడం ఎంత పని అని. అది విని ముందు వరుసలో ముసలాయన ఒకడు ఆమెన్ అన్నాడు కూడా. యేసోబు మాత్రం అప్పుడు బీరన్న మెడ చూస్తున్నాడు.

ఒక మొక్కకు రెండు వైపులుంటాయి.

తడి గోనె కింద సోమవారం పనికని బీరన్న కోసిపెట్టిన బత్తాయి పుల్లలున్నాయి. ఏరి ఏరి కోశాడు వాడు, ఒక్కటీ తప్పుపట్టేలా లేదు. యేసోబు అందులో ఒకటి తీసుకున్నాడు. పీట మీద కూర్చుని మొక్కను ఒడిలోకి లాక్కున్నాడు. నీలం పట్టీని దాని చోట మళ్లీ చుట్టేశాడు. దానికి కింద, నాలుగు వేళ్ల దూరంలో, అవతలి వైపు కాండాన్ని తడి గుడ్డతో తుడిచాడు. అడ్డంగా ఒక గీత. నిలువుగా ఒక గీత. ఈసారి వాలలేదు. అద్దాల్లోంచి చూస్తే దారం పట్టి గీసినట్టుంది. బెరడును కొయ్యలేదు, అడిగాడు. అది తెరుచుకుంది. లోపల లేత పసుపు తడి. పుల్ల మీది నుంచి మొగ్గను చెక్కి తీశాడు, గుండె చెదరకుండా, పాలు తాగే పిల్లను రొమ్ము నుంచి వేరు చేసినంత నెమ్మదిగా. లోపలికి జార్చాడు. అమరింది.

ఎడమచేయి అలవాటుగా కిందికి చాపాడు. కట్టలోంచి ఒక తెల్ల పట్టీ అందింది.

కిందినుంచి పైకి ఏడు చుట్లు. చివరి చుట్టు కింద కొస దూర్చి లాగాడు. చేతిలో బలం చాలలేదు. పళ్లతో పట్టి లాగాడు. ముడి బిగిసింది.

మొక్కను జాగ్రత్తగా స్తంభం పక్కన నిలబెట్టి, మళ్లీ పీట మీద కూర్చుని, వెనుక ఉన్న మట్టి కవర్ల వరుసకు వీపు ఆనించాడు. భుజం మీది బరువు ఛాతీలోకి దిగింది. నుదుట చెమట పట్టింది. గాలి చల్లగా ఉంది. నీడవల రంధ్రాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొక్క మీద పడుతోంది, నీలం మీద కొంత, తెలుపు మీద కొంత. బాగుంది అనుకున్నాడు. వాడు రానీ, చెప్తా అనుకున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో మాట కూడా కుదిరింది.

ఐదింటికి ఆండాలు నీళ్ల పైపు చుట్టిపెట్టి వచ్చింది. "మామా, ఇంటికి పోవా? అత్త ఎదురుసూస్తది," అంది. మామ పలకలేదు. దగ్గరికొచ్చి నవ్వబోయింది. "అగో! ఇగ పెట్టినవా అద్దాలు?" భుజం తట్టింది. చేయి వెనక్కి తీసుకుంది. బోర్లపడ్డ చెంబును కాలితో తన్నుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తింది. అప్పుడే గేటు ముందు బీరన్న తెచ్చిన ఆటో ఆగుతోంది.

ఆదివారం కోత పండుగ వేలం జరగలేదు. తెచ్చిన గుమ్మడికాయలు చర్చిలో ఒక మూల అట్లాగే ఉండిపోయాయి. చాపలు ఎవరు పరచాలో తెలియక జనం కాసేపు నిలబడి, తర్వాత తలా ఒకటి పరుచుకున్నారు. మధ్యాహ్నం మట్టి చేసి వచ్చాక, పాస్టరయ్య శాంతమ్మను అడిగి, సాయంత్రం మొక్క నాటించాడు. బీరన్న మైకు ముందు నిలబడి, "ఈ అంటు కట్టింది మా పెద్దయ్య," అన్నాడు. ఇంకా ఏదో అనబోయి మైకు పక్కవాడి చేతికి ఇచ్చేశాడు. కాండం మీద నీలం పట్టీ కింద తాను కట్టని తెల్ల పట్టీ ఒకటుందని గుంతలో మట్టి పోస్తున్నప్పుడు చూశాడు. ఎందుకో అర్థం కాలేదు. విప్పలేదు.

క్రిస్మస్ నాడు పాస్టరయ్య కత్తెరతో నీలం పట్టీ కత్తిరించాడు. జనం మెడలు చాపారు. ఏమీ లేదు. పచ్చటి బెరడు, దాని మధ్య మినపగింజంత గుంట.

"పురుగు తిన్నదా?" అన్నాడు పాస్టరయ్య.

బీరన్న వంగి చూశాడు. గుంట అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఏ పురుగూ అట్లా తినదు. ఒకే ఒక్క మణికట్టు అట్లా తిరుగుతుంది. దాని దగ్గరే అతను కత్తి నేర్చుకున్నాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచేటప్పుడు బొటనవేలు ఆ గుంట మీదే ఉంచాడు.

"సలికి పోయినట్టుందయ్యా," అన్నాడు. "కిందిది సూడుండ్రి."

తెల్ల పట్టీ ముడి బిగుసుకుని ఉంది. దాని మీద పంటి గాట్లు. కత్తెర వద్దని బీరన్న గోళ్లతోనే విప్పాడు. లోపలి నుంచి పావురం ముక్కంత లేత చిగురు బయటికి వచ్చింది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది శాంతమ్మ.

మరునాడు పొద్దున బీరన్న నర్సరీకి వచ్చి, నీడవల కింద యేసోబు పీట ముందు గొంతుక్కూర్చున్నాడు. నెలన్నరగా దాన్నెవరూ కదిలించలేదు. పీట కాలికి ఆ సోమవారం పట్టీల కట్ట అలాగే వేలాడుతోంది, కాస్త దుమ్ము పట్టి. మంద దొడ్లోకి దూరేటప్పుడు గొర్రెలను లెక్కపెట్టే ఇంటి అలవాటు ప్రకారం, వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. తొంభై తొమ్మిది తెల్ల పట్టీలు, అన్నీ ఒకే వెడల్పు, అన్నీ ఒకే పొడవు, ఒక్కదాని అంచు కూడా చీలలేదు.